వెంజోనె: రాళ్లకు నంబర్లు వేసిన ఊరు

(ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడిన మాటల రాతప్రతి. వినడానికి టైం లేనివాళ్లు చదువుకోవచ్చు. మాట్లాడినట్టే ఉంచాం, అక్కడక్కడ మాత్రమే సరిచేశాం.)

నన్ను మాట్లాడమని పిలిచినప్పుడు "అన్నా, సైట్ల గురించి చెప్పు, క్యాంపుల గురించి చెప్పు" అన్నారు. అవి ఇంతకుముందు వచ్చినవాళ్లు నాకంటే బాగా చెప్పారు. నేను ఇటలీలో ఒక చిన్న ఊరి గురించి చెప్తా. దుబాయిలో ఉండేవాడికి ఇటలీ ఊరితో పనేంటి అనుకోకండి. నాకు పని పడింది, అందుకే చెప్తున్నా.

మాది సిరిసిల్ల వైపు. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చేసిన. 2003లో హెల్పర్ వీసా మీద వచ్చిన, ఇప్పుడు ఫినిషింగ్ పనులకు సూపర్‌వైజర్ని. ఫ్లోరింగు, క్లాడింగు, రాయి పని ఏదున్నా నా దగ్గరికే వస్తుంది.

2019లో మా ప్రాజెక్టులో ఒక లాబీకి ఇటలీ నుంచి రాయి తెప్పించారు. ఇట్లాంటి పెద్ద ఆర్డర్ వచ్చినప్పుడు రాయిని కంటైనర్‌లో ఎక్కించకముందే ఫ్యాక్టరీ షెడ్డులో నేల మీద పరిచి చూస్తారు. డ్రై లే అంటాం. ప్రతి పలకకీ వెనక నంబర్ ఉంటుంది, ఆ నంబర్ షాప్ డ్రాయింగులో ఉంటుంది. గీత గీతకి కలుస్తుందా, రంగు తేడా వస్తుందా అని చూసి, నచ్చనిది పక్కన పెట్టిస్తాం. మామూలుగా ఈ పనికి కన్సల్టెంట్ ఇంజనీర్లే పోతారు. ఆ సారి మా మేనేజర్ "రాయి తెలిసినోడు ఒకడు ఉండాలి" అని నన్ను కూడా పంపించారు. పదహారేళ్ల సర్వీసులో నేను పని మీద ఎక్కిన ఫ్లైట్ అదొక్కటే.

ఫ్యాక్టరీ ఊదినె అనే పట్నం దగ్గర. ఇటలీ మ్యాపులో కుడిపక్క పైమూల చూడండి, ఆస్ట్రియా, స్లొవేనియా రెండూ తగిలే చోటు. ఆ ప్రాంతం పేరు ఫ్రియులి. అక్కడ డ్రాయింగులు చూసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు, అరవై దాటాడు, అంతకుముందు సౌదీలో కూడా పని చేశాడట. ఆయన ఇంగ్లీషు, నా ఇంగ్లీషు రెండూ సైట్ ఇంగ్లీషే కాబట్టి మాకు బాగా కుదిరింది. శుక్రవారం పని అయిపోయింది, ఫ్లైటు ఆదివారం. "రేపు మా ఊర్లో గుమ్మడికాయల పండగ ఉంది, వస్తావా" అన్నాడు. ఆ ఊరే వెంజోనె.

ఊదినె నుంచి ఉత్తరానికి పోతుంటే మైదానం అయిపోయి కొండలు మొదలవుతాయి. తాలియమెంతో అని ఒక నది, వెడల్పుగా, తెల్లటి గులకరాళ్లతో, నీళ్లు తక్కువ. ఎండాకాలం మానేరు గుర్తొచ్చింది నాకు. ఆ నది పక్కన, కొండలు రెండు వైపులా దగ్గరకొచ్చే చోట ఉంది ఊరు. చుట్టూ రాతి కోటగోడ, రెండు వరసలు. లోపల రాతి ఇళ్లు, సన్న సందులు, ఒక చౌక్, ఒక మూలకు పెద్ద చర్చి. మొత్తం జనాభా రెండు వేలకు కాస్త అటూ ఇటూ.

నేను చర్చి ముందు నిలబడి మామూలుగా ఎవరైనా అనే మాటే అన్నా. "ఏడెనిమిది వందల ఏళ్ల ఊరిని ఎంత బాగా కాపాడుకున్నారు సార్" అని. ఆయన నవ్వాడు. "నీ వయసెంత" అన్నాడు. నలభై ఒకటి అన్నా. "అయితే ఈ చర్చి నీకంటే పదిహేడేళ్లు చిన్నది" అన్నాడు.

ఆ మాట నాకు అర్థం కావడానికి గోడ దగ్గరికి పోయి చేత్తో తడమాల్సి వచ్చింది.

పాత కథ కొంచెం చెప్తా, మొత్తం చెప్పను, రాజుల పేర్లు నాకే గుర్తుండవు. ఆల్ప్స్ కొండల అవతలి నుంచి సముద్రం దాకా పోయే దారి ఈ లోయ గుండానే. రోమన్ల కాలం నుంచీ అంతే. సరుకు పోయే దారి మీద ఉన్న ఊరు కాబట్టి సుంకం వసూలైంది, సంతలు జరిగాయి, డబ్బు చేరింది. పదమూడో శతాబ్దంలో కోటగోడ కట్టుకున్నారు. దువోమో, అంటే ఆ పెద్ద చర్చిని, 1338లో అక్విలేయా పాట్రియార్క్ బెర్ట్రాండ్ వచ్చి ప్రతిష్ఠ చేశాడు. 1420లో మొత్తం ఫ్రియులితో పాటు వెనిస్ కిందికి వచ్చింది. ఆ తర్వాత వేరే దారులు వచ్చాయి, వ్యాపారం తగ్గింది, ఊరు చిన్నగానే ఉండిపోయింది. చిన్నగా ఉండటం వల్లే పాత రూపం మిగిలింది. 1965లో ఇటలీ ప్రభుత్వం కోటగోడల లోపలి ఊరు మొత్తాన్ని జాతీయ కట్టడంగా ప్రకటించింది.

అది జరిగి పదకొండేళ్లకు, 1976 మే 6, రాత్రి తొమ్మిది గంటలకు భూకంపం వచ్చింది. 6.5 దాకా తీవ్రత. దాదాపు నిమిషం ఊగింది. ఫ్రియులి మొత్తంలో దాదాపు 990 మంది చనిపోయారు, లక్ష మందికి పైగా ఇల్లు లేనివాళ్లయ్యారు. మనవైపు ఆదిశేషుడు తల కదిలిస్తే భూమి ఊగుతుందని ముసలోళ్లు చెప్పేవాళ్లు కదా, వాళ్ల దగ్గర ఓర్కొలాత్ అనే రాక్షసుడు ఉన్నాడు. కొండ లోపల పడుకుని ఉంటాడు, ఒళ్లు విరుచుకుంటే భూకంపం. ఇప్పటికీ 76 భూకంపాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు.

ఇక్కడ పని తెలిసినవాడిగా ఒక మాట. రెండడుగుల మందం రాతి గోడ ఎందుకు కూలుతుంది? చాలామంది గోడ మందంగా ఉంటే గట్టిది అనుకుంటారు. ఆ గోడ నిజానికి ఒక గోడ కాదు. బయట ఒక వరస, లోపల ఒక వరస, మధ్యలో చిన్న రాళ్లు, మట్టి, సున్నం పోసి నింపుతారు. ఈ మొహం నుంచి ఆ మొహం దాకా పట్టుకునే పొడుగు రాయి మధ్యమధ్యలో వెయ్యాలి. అది వెయ్యకపోతే ఊగినప్పుడు మధ్యలో నింపింది కిందికి దిగి రెండు వరసల్నీ చెరో పక్కకి తోసేస్తుంది, పైకప్పు నేరుగా మనుషుల మీదికొస్తుంది. 1993లో లాతూరు దగ్గర కిల్లారిలో జరిగింది కూడా ఇదే. అప్పుడు నేను స్కూల్లో ఉన్నా, తెల్లవారుజామున మా ఇంట్లో గిన్నెలు కదిలాయని అమ్మ ఇప్పటికీ చెప్తుంది.

మే నెలలో వెంజోనె సగం కూలింది. దువోమో బాగా దెబ్బతిన్నది కానీ గోడలు చాలావరకు నిలబడే ఉన్నాయి. జనం టెంట్లలో ఉండి ఎండాకాలమంతా రిపేర్లు మొదలుపెట్టారు. అప్పుడు సెప్టెంబర్ 11న మళ్లీ ఊగింది, 15న ఇంకా గట్టిగా. నిలబడ్డదంతా పడిపోయింది, దువోమోతో సహా. పెద్దాయనకు అప్పుడు పదిహేడేళ్లు. "మేలో ఏడ్చాం, సెప్టెంబర్‌లో ఎవరూ ఏడవలేదు, బస్సు ఎక్కాం" అన్నాడు. నిజంగానే బస్సులే. చలికాలం వస్తోంది, టెంట్లలో ఉండలేరు, అందుకని ప్రభుత్వ కమిషనర్ జంబెర్లెత్తి వేలాది మందిని సముద్రం ఒడ్డున ఉన్న లిన్యానో, గ్రాదో లాంటి టూరిస్టు ఊళ్ల హోటళ్లకు పంపించాడు. సీజన్ అయిపోయి గదులన్నీ ఖాళీగా ఉన్నాయి. కొండ మీది రైతులు స్విమ్మింగ్ పూల్ పక్కన చలికాలం గడిపారు. ఈ జంబెర్లెత్తినే తర్వాత ఇటలీ విపత్తు సహాయ వ్యవస్థకు తండ్రి లాంటివాడు అన్నారు.

బస్సు ఎక్కినవాళ్లందరికీ ఒకటే భయం. ఎనిమిదేళ్ల ముందు, 1968లో, సిసిలీలో బెలీచె లోయలో భూకంపం వచ్చింది. అక్కడి జనం ఏళ్ల తరబడి రేకుల షెడ్లలోనే ఉండిపోయారు. జిబెల్లీనా అనే ఊరిని పాత చోటుకి దూరంగా కొత్తగా కట్టారు. వెడల్పు రోడ్లు, పెద్ద ఆర్కిటెక్టుల బిల్డింగులు. పాత ఊరి శిథిలాల మీద తర్వాత బుర్రి అనే కళాకారుడు తెల్ల సిమెంటు పోసేశాడు, సందులు మాత్రం గీతల్లా వదిలి. ఫోటోల్లో చాలా బాగుంటుంది. అందులో ఇల్లున్నవాడికి ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. ఫ్రియులివాళ్లు మాత్రం మాకు అది వద్దన్నారు. ఎక్కడుందో అక్కడే, ఎట్లుందో అట్లే కట్టాలి అన్నారు. వాళ్ల ఫ్రియులి భాషలో "ఫసీన్ ది బెసోయ్" అని ఒక మాట ఉంది, మనమే చేసుకుందాం అని అర్థం. గోడల మీద రాసుకున్నారట.

మనసు పెట్టి అన్న మాటే, సరే. కానీ వాళ్లు చేసిన క్రమం చూడండి, అందులో సెంటిమెంటు లేదు. ముందు ఫ్యాక్టరీలు, తర్వాత ఇళ్లు, చివరికి చర్చిలు. పని లేకపోతే మనిషి వెళ్లిపోతాడు, మనిషి లేని ఊరికి ఇల్లు ఎందుకు, అని లెక్క. రోమ్ ప్రభుత్వం డబ్బులిచ్చి, ఖర్చు పెట్టే అధికారం ప్రాంతీయ ప్రభుత్వానికి, మేయర్లకు వదిలింది. 1977లో పునర్నిర్మాణ చట్టం వచ్చింది. దాంట్లోనే ఊదినెలో యూనివర్సిటీ పెట్టాలని కూడా రాయించుకున్నారు. ఇల్లు కూలినవాళ్లు సంతకాలు చేసి యూనివర్సిటీ అడిగారంటే నాకు అదొక్కటి మింగుడు పడలేదు, మన దగ్గర అయితే ముందు పరిహారం రేటు అడుగుతాం. తప్పు కాదు, నేనూ అదే అడిగిన. ఆ విషయం తర్వాత చెప్తా.

వెంజోనెలో అసలు గొడవ రాళ్ల దగ్గర వచ్చింది. భూకంపం తర్వాత బుల్డోజర్లు వస్తాయి. దారులు తెరవాలి, కింద ఎవరైనా ఉన్నారేమో చూడాలి, పడబోయే గోడలు పడగొట్టాలి. యంత్రం నడిపేవాడికి అది డెబ్రిస్. ఎత్తు, లారీలో పొయ్యి, పారబొయ్యి. మేమూ సైట్లో అంతే చేస్తాం. ఊరివాళ్లలో కొంతమంది అడ్డం పడ్డారు. చెక్కిన కిటికీ రాళ్లు, తలుపు కమానులు, దువోమో రాళ్లు పారబోయనివ్వమన్నారు. 1977లో కమిటీగా కూడి సంతకాలు పెట్టించారు. దువోమోని దాని సొంత రాళ్లతోనే కట్టాలని పట్టుబట్టారు. నిపుణుల్లో అందరూ ఒప్పుకోలేదు. శిథిలంగా వదిలేద్దాం అన్నవాళ్లు ఉన్నారు, పడిపోయినదాన్ని మళ్లీ పాతదానిలాగా కడితే అది నకిలీ అన్నవాళ్లూ ఉన్నారు.

చివరికి ఊరి మాటే నెగ్గింది. వేల రాళ్లు. వాటిని గోడ బయట పొలంలో వరసలుగా పరిచారు. చూడండి, అదే డ్రై లే. మేము చేసేది కొత్త పలకలతో, ముందే డ్రాయింగు ఉంటుంది. వాళ్లకు డ్రాయింగు లేదు. పాత ఫోటోలు తీశారు, పెద్దవి చేశారు, కొలతలు లాగారు. ఒక్కో రాయి ఉలి గుర్తు ఏ వైపుంది, ఏ అంచు ఎండకు నల్లబడింది, పక్క రాయితో ఎట్లా కూర్చుంటుంది అని చూసి దానికి చోటు పట్టారు, నంబరు వేశారు. గుర్తుపట్టలేని రాళ్లు కూడా వేల సంఖ్యలో మిగిలాయి. కట్టడం 1988లో మొదలై 1995లో అయిపోయింది. ఊరు దాదాపు పదేళ్లలో లేచి నిలబడింది, చర్చికి మాత్రం భూకంపం నుంచి పంతొమ్మిదేళ్లు పట్టింది.

నేను తడిమింది ఆ గోడనే. బయటి నుంచి కొంచెం దూరంగా నిలబడితే ఏమీ తెలియదు. దగ్గరికి పోతే తెలుస్తుంది. రాయి దొరికిన చోట పాత రాయి, అంచులు చితికి, మూలలు ఎగిరి. దొరకని చోట వేరుగా కనబడేటట్టు నింపారు. దాచలేదు. నాలాంటి వాడు స్నాగ్ లిస్టు రాస్తే మొత్తం గోడ రిజెక్ట్ అవుతుంది, ఒక్క జాయింటు కూడా సమానంగా లేదు. లోపల గోడల మీద పాత బొమ్మలు ముక్కలు ముక్కలుగా ఉన్నాయి, ఒక చెయ్యి, ఒక మొహం సగం. ఊర్లోనే ఇంకో చర్చి, సెయింట్ జాన్‌ది, దాన్ని కూలినట్టే వదిలేశారు. నాలుగు గోడల ముక్కలు, పైన ఆకాశం. రెండూ పక్కపక్క వీధుల్లో ఉంటాయి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, పొగడ్తలే చెప్తే బాగుండదు. 76 తర్వాత ఫ్రియులిలో రాతి ఇళ్లను రిపేరు చేసినప్పుడు కర్ర దూలాలు తీసేసి కాంక్రీటు స్లాబులు, బీములు వెయ్యడం పద్ధతిగా మారింది. ఆ పద్ధతినే ఇటలీ అంతా వాడారు. 1997లో ఉంబ్రియాలో భూకంపం వచ్చినప్పుడు చూస్తే, బలహీనమైన రాతి గోడ మీద బరువు స్లాబు వేసిన ఇళ్లలో గోడ పగిలి స్లాబు దిగిపోయింది. కింద గోడని గట్టి చెయ్యకుండా పైన గట్టి చేస్తే ఏమవుతుందో అప్పుడు తెలిసింది. మన ఊళ్లలో పాత మట్టి గోడల మీద స్లాబు పోయించేవాళ్లు ఎవరైనా వింటుంటే దయచేసి ఇంజనీర్ని అడగండి.

ఈ జనం ఇంత మొండిగా ఎందుకున్నారు అంటే, నాకనిపించింది, వాళ్లు వందల ఏళ్లుగా మనలాంటివాళ్లే. ఫ్రియులి బీద ప్రాంతం. మగవాళ్లు వసంతంలో ఇల్లు వదిలి ఆస్ట్రియా, జర్మనీ పోయి ఇటుక బట్టీల్లో, కట్టుబడి పనుల్లో ఉండి చలికాలానికి తిరిగొచ్చేవాళ్లు. తర్వాత కెనడా, అర్జెంటీనా, ఆస్ట్రేలియా. మన పాత ఇళ్లల్లో మొజాయిక్ ఫ్లోరింగ్ ఉంటది చూడండి, రాతి పలుకులు సిమెంటులో కలిపి పోసి మిషన్‌తో అరగదీసేది, ఆ పనిని దేశదేశాలకు మోసుకుపోయినవాళ్లలో ఫ్రియులి మేస్త్రీలు ముందున్నారు. వెంజోనెకు కొద్ది దూరంలో స్పిలింబెర్గో అని ఊరుంది, 1922 నుంచి అక్కడ మొజాయిక్ పనికే ఒక స్కూలుంది. మన ఐటీఐ లాంటిదే అనుకోండి, కాకపోతే ప్రపంచమంతా పేరున్న ఐటీఐ. భూకంపం వార్త వినగానే ఈ వలస పోయినవాళ్లు డబ్బు పంపారు, కొందరు పారలు పట్టుకుని తిరిగొచ్చారు. ఊరు కూలితే తిరిగొచ్చి కట్టగలిగిన చేతులు వాళ్ల ఇళ్లలోనే ఉన్నాయి.

గుమ్మడికాయ సంగతి మర్చిపోతున్నా. ప్రతి అక్టోబర్ చివర్లో పండగ చేస్తారు, పాతకాలం బట్టలేసుకుని, దీపాలు పెట్టి, గుమ్మడికాయ సూపు, గుమ్మడికాయ రొట్టె. ఎందుకయ్యా అంటే ఒక కథ చెప్పుకుంటారు. గంటల గోపురం మీద బంగారు గుండు పెట్టడానికి ఒక పనివాడిని పిలిచారు. పని అయ్యాక ఊరిపెద్దలు ఒప్పుకున్న డబ్బులో కోత పెట్టారు. వాడు ఏమీ అనకుండా ఒక గుమ్మడికాయకు బంగారు రంగు పూసి పైన కూర్చోబెట్టి వెళ్లిపోయాడు. కొన్నాళ్లకు అది కుళ్లి కింద పడింది. ఈ కథ విని నేను నవ్విన నవ్వు పెద్దాయనకు అర్థం కాలేదు. ఫైనల్ బిల్లులో, రిటెన్షన్‌లో కోత పడ్డ సబ్‌కాంట్రాక్టర్లు ఎంతమందిని చూశానని! మన దగ్గర సైట్ ముందు దిష్టికి బూడిద గుమ్మడికాయ కడతామని చెప్తే ఆయన దాన్ని వాళ్లావిడకు ఫోన్ చేసి మరీ చెప్పాడు. మమ్మీలు కూడా ఉన్నాయి అక్కడ, 1647 నుంచి చర్చి సమాధుల్లో ఎండిపోయి చెడకుండా బయటపడిన శవాలు, అద్దాల వెనక పెట్టారు. ఆ గదిలో నేను రెండు నిమిషాలకంటే ఉండలేదు.

ఇప్పుడు నా సంగతి. మిడ్ మానేరు రిజర్వాయర్ కింద పోయిన ఊళ్లలో మాదొకటి. అది భూకంపం కాదు, పదేళ్లు ముందే తెలుసు. పరిహారం వచ్చింది, ప్లాటు వచ్చింది, కొత్త కాలనీలో స్లాబు ఇల్లు కట్టుకున్నం. పాత ఇల్లు ఖాళీ చేసే రోజుల్లో తమ్ముడు ఫోన్ చేసిండు. "అన్నా, దర్వాజ ఏం చేద్దామే? దూలాలు ఏం చేద్దాం?" మా తాత పెట్టించిన టేకు దర్వాజ, పైన పువ్వులు చెక్కి ఉంటయి. నేను అప్పుడు స్లాబు పని మీద ఉన్న, కాంక్రీటు పంపు నడుస్తుంది, చెవిలో ఏమీ వినబడతలేదు. "కొత్త ఇంటికి సైజు కుదరదు, అమ్మెయ్" అన్న. ఫోన్ నలభై సెకన్లు కూడా మాట్లాడలే. కట్టె వ్యాపారి వచ్చి దర్వాజ, పదకొండు దూలాలు, గూన పెంకలు అన్నీ కలిపి ఒక రేటు కట్టి తీసుకపోయిండు. ఊరంతా అట్లనే అమ్ముకున్నరు.

వెంజోనెలో ఆ గోడ దగ్గర ఈ మాట పెద్దాయనకు చెప్పిన. ఆయన ఓదార్చలేదు. "కొలతలు ఉన్నాయా?" అని అడిగాడు.

లేవు. డ్రాఫ్ట్స్‌మన్‌ని, సొంత ఇంటికి ఒక్క ప్లాను గియ్యలే.

దుబాయి వచ్చినంక శుక్రవారాలు మొదలుపెట్టిన. ముందు మా ఇల్లు, గుర్తున్నంత వరకు. తమ్ముడికి వాట్సాప్‌లో పంపితే "వంటిల్లు తలుపు తూర్పుకు కాదన్నా, ఉత్తరానికి" అన్నడు. ఇద్దరం వారం రోజులు కొట్లాడినం. చివరికి అమ్మ తీర్పు చెప్పింది, పొద్దున పొయ్యి మీద ఎండ ఎక్కడ పడేదో గుర్తు చేసుకుని. ఇద్దరిదీ తప్పే. తర్వాత అక్క పెళ్లి వీడియో క్యాసెట్ దొరికితే దాన్ని ఫోన్‌లోకి ఎక్కించి, పందిరి వెనక కనబడే గోడను బట్టి ఎత్తు లెక్క కట్టినం. మా బావ ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు, దర్వాజ ఆయన తలపాగకు జానెడు పైకి ఉంది.

మా ఇల్లు చూసి పక్కింటోళ్లు అడిగిండ్రు, వాళ్లను చూసి ఎదురింటోళ్లు. ఇప్పటికి మా గల్లీలో పద్నాలుగు ఇళ్లు గీసిన. చావడి, బొడ్రాయి, రావిచెట్టు గద్దె, బాయి వాటి చోట్లల్ల ఉన్నయి. ఒక్క ఇంటి చోటు ఖాళీ ఉంది. హనుమాన్ గుడి నుంచి బాయి దిక్కు పోతుంటే ఎడమ చేతికి మూడోది, ముందర పెద్ద అరుగు, అరుగు మీద కుట్టు మిషన్ ఉండేది. ఆ కుటుంబం మేము చిన్నగున్నప్పుడే భీవండి పోయిండ్రని అంటరు, ఎవరి దగ్గరా నంబరు లేదు. మాది ఏ ఊరో ముంపు ఊళ్లోళ్లకు ఈ గుర్తులు చాలు. వింటున్నోళ్లలో ఎవరికన్న ఆ ఇల్లు తెలిస్తే, లోపల ఎన్ని అర్రలుండె, మెట్లు ఏ పక్కకుండె, ఈ ఎపిసోడ్ కింద ఒక ముక్క రాయండి. ఫోటో ఉంటే ఇంకా మంచిది, దాంట్ల మనుషులుంటే మరీ మంచిది, ఎత్తు తెలుస్తది.